రెండు చేతులతో గుంజి చూసిన ల్యాప్‌టాప్

కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో నేను కంప్యూటర్లు తెలిసిన మనిషినైపోయాను. సీటు వచ్చిందే గానీ సైన్స్ ఇంకా రాలేదని ఎవరికీ చెప్పలేదు. గద్వాలలో మా వీధిలో ఎవరి టీవీ ఆగిపోయినా నన్నే పిలిచేవారు. వెళ్లి, దాని ముందు గంభీరంగా నిలబడి, వైరు పీకి మళ్లీ పెట్టేదాన్ని. ఒకటి రెండుసార్లు బొమ్మ వచ్చింది కూడా. అదే నా కొంప ముంచింది.

కాలేజీ, హాస్టలూ వనపర్తిలో. చేరిన కొద్దిరోజులకే ల్యాప్‌టాప్ ఉండాలన్నారు. మా నాయన చీరలు నేస్తాడు. మగ్గం మీద అంచు పూలు దించే పాత జకార్డు మార్చాలనుకున్నవాడు ఆ ఆలోచన పక్కనబెట్టి, "మగ్గం ఇంకో ఏడాది ఆగుతది, నీ సదువు ఆగదు గదా. మంచిది సూస్కో. నాలుగేండ్లు రావాలె. మళ్ల కొనుడు నాతోని కాదు" అన్నాడు. ఆ చివరి మాటకు నాకు ఉక్కపోతలోనూ చలి పుట్టింది.

సీనియర్ అక్క ఒకామె ఫోన్‌లో ఒక చీటీ పంపింది. పదహారు జీబీ ర్యామ్, ఐ ఫైవ్, ఇంకేవో. సెలవుకు ఇంటికొచ్చి తిరిగి పోతూ, నాయనతో పాటు బస్సులో కూర్చుని దాన్ని బట్టీ పట్టాను.

"ర్యామ్ అంటే ఏంది బిడ్డా?"

"లోపల ఉంటది నాయినా," అన్నాను టక్కున. అబద్ధమైతే కాదు.

బీచుపల్లి వంతెన దాటుతున్నా కింద కృష్ణా నది వైపు చూడలేదు. పదహారు, పదహారు అని గొణుక్కుంటున్నాను.

వనపర్తి దుకాణంలో మొదటి ప్రశ్నే నా చీటీలో లేదు.

"ఏం పనికి మేడం?"

"కోడింగ్," అన్నాను. నాకు తెలిసిన మాట అదొక్కటే.

"ఐ త్రీనా, ఐ ఫైవా, ఐ సెవనా?"

అతను ఐ, ఐ అంటుంటే నాకు అయ్యో, అయ్యో అని వినబడుతోంది. చీటీలో ఏ ఐ ఉందో మరిచేపోయాను. ఎన్ని కోర్లు కావాలన్నాడు. నా కోరిక ఒక్కటే, అక్కడి నుంచి బయటపడాలని. తలూపాను. నిలువునా ఊపానో అడ్డంగా ఊపానో గుర్తులేదు.

అతను నాలుగింటిని గాజు బల్ల మీద పరిచాడు. అంతవరకు చేతులు కట్టుకుని నిలబడ్డ నాయన ముందుకొచ్చాడు. వరుసగా పరిచిన సరుకు చూస్తే ఆయన ఊరుకోలేడు. అన్నిటికంటే పల్చటిది ఎత్తి బరువు చూశాడు. బోర్లించి వెనక చూశాడు. "మన సీర లెక్కనే అల్కగున్నది" అని మెచ్చుకున్నాడు. తర్వాత మూత తెరిచాడు.

మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటు గట్టిగా ఉంటేనే అది చీర. అందుకే చీర చేతికొస్తే అటొక చెయ్యి, ఇటొక చెయ్యి వేసి ఆ కలిసే చోటును గుంజి చూస్తారు. నాయన ఒక చేత్తో మూతను, ఇంకో చేత్తో కింది పలకను పట్టుకుని, అలవాటు కొద్దీ గుంజాడు.

ఫట్‌మంది.

మూత కలిసే చోటున్న సన్నటి నల్లపట్టీ ఎగిరి బల్ల మీద పడింది. నా గుండె కూడా అక్కడే ఎక్కడో పడింది.

"ఏందన్నా, గిట్ల ఎవలన్న గుంజుతరా?" దుకాణదారు అరిచాడు.

"గుంజకుంట ఎట్ల కొంటరయ్యా?" నాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇగ ఇది మీరే తీస్కోవాలె. వేరేటోళ్లకు నేనెట్ల అమ్మాలె?"

దాని పక్కనున్న కాగితం చదివాను. ర్యామ్ ఎనిమిది. పదహారులో సగం.

"ఎనిమిది సాలదు," అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

"ఎందుకు సాలదు మేడం? జర చెప్పుండ్రి."

నాయన నా వైపు తిరిగాడు. ముఖం పాలిపోయి ఉంది. "చెప్పు బిడ్డా. నీకు తెలుసు గదా."

ఇప్పుడు తలూపితే నాలుగేళ్లు దీనితోనే. అది ఆగిపోయిన ప్రతిసారీ ఇంట్లో పాత జకార్డు ముందు కూర్చున్న ఈ మనిషే గుర్తొస్తాడు.

"నాకు తెల్వదు నాయినా. ఏం తెల్వదు. చీటీ సూసి బట్టీ కొట్టిన."

దుకాణదారు ఊడిన పట్టీని చేతిలోకి తీసుకున్నాడు.

"మరి గా టీవీలు?" అన్నాడు నాయన.

"వైరు పీకి పెట్టిన."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి దుకాణదారుతో, "జర ఆగు తమ్మీ. పట్టీ ఊడగొట్టింది నేను, దాని సంగతి నేను సూస్త. సరుకు మాత్రం తెలిసినోళ్లను అడిగి తీస్కుంటం" అన్నాడు. నాతో, "చెయ్యి ఆ చీటీ పంపినామెకు ఫోను" అన్నాడు.

అక్క రెండోసారికి ఎత్తింది. సిగ్గు విడిచి ఒక్కొక్కటే అడిగాను. ఈలోగా దుకాణదారు ఆ పట్టీని వేలితో నొక్కాడు. అది చక్కగా దాని చోట కూర్చుంది. అతని కోపం మాత్రం కూర్చోలేదు. చివరికి అక్క చెప్పింది అన్నింట్లోకీ బరువైనది. "ఇది సీర గాదు, గొంగడి" అని నాయన పెదవి విరిచి, అదే కొన్నాడు. గుంజి చూడలేదు.

బస్టాండులో భయపడుతూనే అడిగాను. "కోపమొచ్చిందా నాయినా?"

"కోపం గాదు, భయమైంది."

"పట్టీ ఊడినప్పుడా?"

"బస్సుల ర్యామ్ అంటే ఏందంటే, లోపల ఉంటదంటివి సూడు, అప్పుడు. తెలిసినోళ్లు గంత జల్ది చెప్పరు."

ఆయన గద్వాల బస్సెక్కాడు. హాస్టల్ గదిలో పెట్టె విప్పి దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను. స్విచ్చు కనబడలేదు. పక్కకు, వెనక్కు, కిందికి తిప్పి చూశాను. ఇదివరకైతే తలుపు వేసుకుని ఒక్కదాన్నే వెతుకుతూ కూర్చునేదాన్ని. లేచి పక్క గది తలుపు కొట్టి, "దీన్ని ఎట్ల ఆన్ చెయ్యాలె? నాకు తెల్వదు" అన్నాను.

ఆ అమ్మాయి నన్నూ, నా చేతిలోని దాన్నీ చూసింది. నన్ను లోపలికి లాగి, తలుపు మూసి, మంచం కింద నుంచి తన ల్యాప్‌టాప్ పెట్టె బయటికి తీసింది. దాని టేపు కూడా ఇంకా చింపలేదు.