ఇటుకల జూమానా

జూమానా ట్రావొరే ఇరవై నాలుగేళ్ళు బతికాడు. అందులో పదేళ్ళు జోలిబా నది ఒడ్డున మట్టి తొక్కి ఇటుకలు కోశాడు, ఎనిమిదేళ్ళు ర్యాప్ పాడాడు. మొదటి పని ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది వాళ్ళ నాన్న ఫుసేనికి తప్ప బమాకో పట్నంలో అందరికీ తెలుసని పేట కుర్రాళ్ళు అనేవారు. నిజానికి ఫుసేనికీ తెలుసు. తెలియనట్టు ఉండటం ఆయన పట్టుదల.

ఆయన బాధ ఆయనది. ట్రావొరేలు యోధుల వంశం. పాడటానికీ, వంశాలు పొగడటానికీ జేలీలు వేరే ఉన్నారు. వాళ్ళు పాడాలి, ట్రావొరేలు విని కానుకలివ్వాలి. ట్రావొరే నోరు తెరిచి పాడాడంటే తల దించుకోవాల్సింది వాడొక్కడు కాదు, తాతముత్తాతలంతానూ. "నా గడపలో ఆ గొంతు వినపడకూడదు" అని ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనే అవసరం రాలేదు, కొడుకుతో మాట్లాడటమే మానేశాడు. ఎనిమిదేళ్ళు తండ్రీకొడుకులు ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి సంకటి తిన్నారు, ఒక్క మాట లేకుండా.

ఇంతకీ జూమానా పాడింది ఏమంత పెద్ద సంగతులు? ఇటుకలు కోసేవాడి ఇల్లే వానకి కరిగిపోవడం, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని కూర్చుని జనం చుట్టాలైపోవడం. నేస్తులు టీ మరిగిస్తుంటే ఖాళీ టీ డబ్బా మీద దరువేసేవాడు, మూడో విడత టీ అయ్యేసరికి పాట తయారు. ఆ పాటలు ఫోన్ల నుంచి ఫోన్లకు పాకాయి గాని వాడికి ఒరిగిందేమీ లేదు. పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు ఒకటి ఉండేది. చలిగాలి మొదలైతే కీళ్ళు మెలిపెట్టేవి. అయినా చన్నీళ్ళలో దిగి మట్టి తొక్కేవాడు. ఆ జనవరిలో మొదలైన నొప్పి మరి తగ్గలేదు.

ఆసుపత్రిలో అక్క తెనిన్ చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"అక్కా, నాన్న ఒప్పుకోకపోతే పోనీ. నేను పాడేవాణ్ణని మనవాళ్ళందరి ముందూ ఎవరిచేతైనా ఒక్కసారి అనిపించు. ఒక్కసారి చాలు."

"నోర్ముయ్. లేచొచ్చి నువ్వే చెప్పుకుందువుగాని," అంది తెనిన్. మర్నాడు వాడు పోయాడు.

నలభయ్యో రోజుకి సెగూ పల్లెల నుంచి ట్రావొరే పెద్దలంతా వస్తారు. ఆ రోజు జేలీ పోయినవాడి గురించి ఏం చెబితే వంశంలో అదే నిలుస్తుంది. తెనిన్ ముందుగానే జేలీ దియాబాతే ఇంటికి వెళ్ళింది. ఆయన జాలిపడ్డాడు గాని తల అడ్డంగా ఊపాడు.

"నా పని మీవాడు చేశాడని నా నోటితో ఎట్టా అనేదమ్మా? అది మీకూ తిట్టు, నాకూ తిట్టు."

ఇక మిగిలింది బిరామా జారా, వీధి మొదట్లో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన. జూమానా పాటలన్నీ ఆయనకి నోటికొచ్చు. పైగా జారాలకీ ట్రావొరేలకీ పరాచికాల వరస. జారా ఏమన్నా ట్రావొరే కోపం తెచ్చుకోకూడదు, చావింట్లోనైనా సరే.

"రావే నా బానిసపిల్లా! మీ తాతని మా తాత గుప్పెడు అలసందలకి కొన్నాడు. ఇవాళైనా పనిలోకొచ్చావా?" అన్నాడు బిరామా.

ఎప్పుడూ "అలసందల తిండిపోతా" అని ఎదురు తిట్టే తెనిన్, "మామా" అంది. బిరామా చేతిలోని పానా కింద పెట్టాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"అంటాను. నన్నెవడాపుతాడు? ఈ వరసున్నదే అందుకు."

ఆ రోజు రానే వచ్చింది. ఖురాను చదవడం అయింది, తాంబూలంలా కోలా కాయలు పంచారు. దియాబాతే లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఇటుకల జూమానా! పెద్దల ముందు గొంతెత్తి ఎరగని బిడ్డ!"

"ఆపవయ్యా," అంటూ బిరామా లేచాడు. "ఎత్తాడు గొంతు. వాడు ర్యాప్ పాడేవాడు. ఈ పేటలో వాడిలా పాడినోడు లేడు, ఇక పుట్టడు."

పందిరి కింద తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. తర్వాత సెగూ పెద్ద ఒకాయన తొడ చరుచుకున్నాడు.

"ఓరి జారా! చావింట్లో కూడా మానవా? ట్రావొరే పాడాడంట! రేపు ఏనుగు చెట్టెక్కిందంటావు!"

అందరూ గొల్లున నవ్వారు.

"పరాచికం కాదయ్యా, మా అమ్మ తోడు," అన్నాడు బిరామా. నవ్వు రెట్టింపైంది. పరాచికమాడే ప్రతివాడూ వేసే ఒట్టే అది. ముసలాయన కళ్ళు నిండి నీళ్ళు చెంపల మీదికి కారాయి.

అంతవరకూ పాలిపోయిన ముఖంతో తల వంచుకున్న ఫుసేని మెల్లగా తలెత్తాడు. దొరికిన దారి వదులుకునే మనిషి కాదు. ఆయనా నవ్వాడు, అందరికంటే గట్టిగా.

"చూశారా, నవ్వాగక వాడికే కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి! నలభై రోజులకి నవ్వించావురా జారా. నూరేళ్ళు బతుకు."

తెనిన్ ఆడవాళ్ళ చాప మీంచి లేచింది.

"నిజమే నాన్నా. నీకూ తెలుసు."

"ఇదిగో, జారా రోగం దీనిక్కూడా అంటుకుంది!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. తల్లి చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. దియాబాతే మొదటినుంచీ అందుకున్నాడు, పెద్దల ముందు గొంతెత్తి ఎరగని బిడ్డ అంటూ.

తమ్ముడు పోయిననాడు కూడా తెనిన్‌కి అంత ఏడుపు రాలేదు. వాడడిగింది నలుగురి ముందు ఒక్కసారి అనిపించమని. అనిపించింది. దాంతో ఆ మాట ఇక ఎవరు చెప్పినా నమ్మేవాళ్ళు లేకుండా పోయారు.

బిరామా మళ్ళీ ట్రావొరేలతో పరాచికమాడలేదు. మిగతా జారాలకి మాత్రం కొత్త మాట దొరికింది. ట్రావొరే కనిపిస్తే చాలు, "మీ జూమానా పాడేవాడటగా!" అంటారు. వరస కాబట్టి ట్రావొరేలు నవ్వాలి. తెనిన్ కూడా నవ్వుతుంది.