ముందు చక్రాలు పట్టేసిన తొమ్మిది రోజులు

యాభై రెండేళ్ళు వచ్చినా, నెత్తిమీద జుట్టు సగం రాలిపోయినా, కూతురికి పెళ్ళి చేసి పంపినా, అతన్ని అందరూ బుడ్డోడనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మేనమామ. పద్నాలుగో ఏట, తండ్రి చనిపోయాక మామయ్య షెడ్డులో కాలుపెట్టినవాడు మళ్ళీ బయటికి రాలేదు. బ్రేకుల పని తప్ప ఇద్దరికీ ఇంకో పని రాదు. ఎవరైనా ఇంజను చూడమని వస్తే, "పరుగెత్తించేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆపేవాళ్ళం మేమిద్దరమే" అని మామయ్య పక్క షెడ్డుకు పంపేసేవాడు. ఎంత పొగరో చూడండి! పొగరుకు తగ్గ పనితనం కూడా ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

మామయ్యకు సొంత కారొకటి ఉంది. నలభై ఏడేళ్ళనాటిది, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రాలకు డిస్కులు బిగించాలని ఆయన పదేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. ఊరివాళ్ళ బళ్ళతోనే సరిపోయి, సొంత బండికి తీరిక దొరికితేనా! చివరికి సామానంతా కొని తెచ్చిన నెలకే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. గుండె కూడా బలహీనంగా ఉంది, ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు బుడ్డోణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు.

"ఆ డిస్కులేవో నువ్వే బిగించరా," అన్నాడు మామయ్య మంచంమీద నుంచి, ముద్దముద్దగా. "ఒక్కసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నదిదాకా తీసుకెళ్ళు. బ్రేకు ఎలా పడుతుందో చూసి పోతా."

"పోతా అంటావేంటి మామయ్యా? నెల తిరిగేసరికి నువ్వే నడుపుతావు," అన్నాడు బుడ్డోడు.

నాలుగు రోజుల్లో పని ముగించాడు. ముందు డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లు, కొత్త పైపులు, వెనక డ్రమ్ములకు ప్రెషర్ తగ్గించే వాల్వు, అన్నీ బిగించాడు. పెడల్ తొక్కితే పైపుల్లోకి ఆయిలు నెట్టే మాస్టర్ సిలిండర్ బాగానే ఉందని విప్పి, కడిగి, కొత్త రబ్బర్లు వేసి మళ్ళీ పెట్టాడు. పైపుల్లో గాలి తీశాక పెడల్ రాయిలా నిలబడింది. ఈల వేసుకుంటూ రోడ్డెక్కాడు. రెండు కిలోమీటర్లు పోయాడో లేదో, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు కారు మొరాయించింది. దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది. పెడల్ మీంచి కాలు తీసినా బ్రేకు వదలడం లేదు.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి తిప్పలు. కాలిపర్ పిస్టన్లు బిగుసుకున్నాయనుకుని విప్పాడు. శుభ్రంగా ఉన్నాయి. కొత్త పైపుల్లోనే లోపముందేమోనని ఇంకో జత వేశాడు. అదే వరస. పెడల్ కడ్డీ పొడవెక్కువైందనుకుని సరిచేశాడు. వెనక వాల్వును తిట్టి, మార్చి, కొత్తదాన్ని కూడా తిట్టాడు. ముందు చక్రాలు పట్టేస్తే పాపం దానికేం సంబంధం? తొమ్మిది రోజులకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇన్ని తంటాలు పడేబదులు మామయ్యనే అడగొచ్చు కదా అంటారా? అతని భార్యా అదే అంది. "అడిగితే మీ సొమ్మేం పోతుంది?"

"మంచంమీదున్న మనిషి దగ్గరికెళ్ళి నాకు చేతకాలేదని ఏడవమంటావా?" అని కసిరాడు. ఆయనకు బెంగ పెట్టకూడదన్నది ఒక కారణం. ఇన్నేళ్ళు నేర్పిన మనిషికి బ్రేకు కుదరలేదని చెప్పడానికి మొహం చెల్లకపోవడం రెండోది. రెండోదే పెద్దదని అతనికీ తెలుసు.

రోజూ సాయంత్రం చూడ్డానికి మాత్రం వెళ్ళేవాడు.

"ఎందాకా వచ్చిందిరా?" అనేవాడు మామయ్య.

"రంగు ఆరుతోంది." మర్నాడు, "సీట్లు కుట్టిస్తున్నా." ఆ మర్నాడు టైర్ల వంక.

మామయ్య అతని మొహంలోకి చూసేవాడు. "నన్నేమన్నా అడగాలా?"

"ఏం లేదు మామయ్యా, నువ్వు పడుకో."

అబద్ధమాడి మెట్లు దిగుతుంటే బుడ్డోడికి తనమీద తనకే అసహ్యమేసేది.

పదో రోజు పొద్దున, చక్రం పట్టేసి ఉండగానే కాలిపర్ మీద గాలి తీసే స్క్రూ వదులు చేశాడు. ఆయిలు చిమ్మింది, చక్రం వదిలింది. అంటే పైపులో ప్రెషర్ ఇరుక్కుపోయి ఉంది. స్క్రూ బిగించి, పెడల్ తొక్కి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరే పైపు వదులు చేశాడు. అప్పుడూ వదిలింది. ప్రెషర్‌ని పట్టి ఉంచుతున్నది పైపు బయల్దేరే సిలిండర్ మూతి! బుడ్డోడు నాలిక్కరుచుకున్నాడు.

ఆ మూతిలో శనగగింజంత రబ్బరు వాల్వు ఉంటుంది. డ్రమ్ము బ్రేకులకు అది పైపులో కొద్దిపాటి ప్రెషర్ నిలిపి ఉంచాలి, లేకపోతే మొదటి తొక్కుకు పెడల్ కిందికి పోతుంది. డిస్కులకు ఆ కొద్దిపాటి ప్రెషర్ ఉంటే ప్యాడ్లు వదలవు. నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాడైతే పుస్తకం చూసుకుని తీసేసేవాడు. వీళ్ళ షెడ్డులో సిలిండర్ విప్పితే ముందు చక్రాలదీ వెనక చక్రాలదీ రెండు మూతుల్లోనూ ఆ వాల్వు కొత్తది వేశాకే మిగతా పని. ముప్పై ఎనిమిదేళ్ళుగా అంతే. బుర్ర డిస్కుల గురించి ఆలోచిస్తుంటే చేతులు డ్రమ్ముల పని చేసుకుపోయాయి.

వెనక మూతిలోది ఉంచి ముందుది పీకి పారేశాడు. పది కిలోమీటర్లు తిప్పాడు. ఎక్కడా పట్టడంలేదు, వంక పెట్టడానికి లేదు. సంతోషం పట్టలేక హారన్ కొట్టుకుంటూ అటునుంచి అటే మామయ్య ఇంటికి పోనిచ్చాడు.

గుమ్మంలో అత్తయ్య ఏడ్చిన మొహంతో నిలబడి ఉంది.

"తెల్లారుజామున మళ్ళీ పక్షవాతం వచ్చిందిరా," అంది. "డాక్టరు చూసి వెళ్ళాడు. కదపొద్దన్నాడు. మాట లేదు, మనిషిని పోల్చుకోవట్లేదు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు."

కారు కింద దూరి ఉన్నప్పుడు ఫోను మోగిన మాట నిజమే.

"బండి బాగైంది అత్తయ్యా," అన్నాడు పిచ్చివాడిలా. "సిలిండర్లో వాల్వు..."

"తీసేశావా?" అంది అత్తయ్య.

బుడ్డోడు నిర్ఘాంతపోయాడు. ఆవిడ జన్మలో పానా పట్టుకుని ఎరగదు.

"మొదటిరోజే చెప్పారు మీ మామయ్య. నీ చొక్కా ప్యాడ్లు కాలిన వాసనొస్తోందట. 'వాల్వు తీయడం మర్చిపోయాడు వెధవ, రేపు అడుగుతాడు చూడు' అని ఒకటే నవ్వు. నేను చెప్పెయ్యనా అంటే ఒప్పుకోలేదు. 'వాణ్ణే అడగనీవే. మంచాన పడ్డ దగ్గర్నుంచి మందు వేసుకున్నావా అని తప్ప నన్నెవరూ ఏమీ అడగట్లేదు' అన్నారు. రోజూ నువ్వెళ్ళాక, రేపు అడుగుతాడులే అనేవారు. నిన్న మాత్రం ఏమీ అనలేదు."

బుడ్డోడు గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. మామయ్య ఎడమచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"మామయ్యా, ముందు చక్రాలు వదలట్లేదు," అన్నాడు. "కాలిపర్లు విప్పి చూశాను. పైపులు మార్చాను. నాకు అంతుపట్టట్లేదు. ఏం చెయ్యమంటావు?"

మామయ్య కళ్ళు పైకప్పు వైపే ఉన్నాయి. బుడ్డోడు మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.