ఎర్ర గుర్తు మీద పసుపు

అవును చిన్నీ, ఎవరింట్లో నీళ్ళిచ్చినా మీ అమ్మ గ్లాసు ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి గానీ తాగదు. అక్కడ నాగపూర్‌లో మీరది చూసి నవ్వుకుంటారని తెలుసు. ఎందుకలా చేస్తుందని మొన్న ఫోన్లో అడిగావు కదా, అది మీ తాత దగ్గర అంటుకున్న అలవాటు. ఈ పొద్దున మా ఇంటి నల్లా వదిలారు, బిందె సగం నిండేసరికి బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. వానాకాలం కదా, మందు కాస్త ఎక్కువే కలిపినట్టున్నారు. ఆ వాసన తగిలాక నాకు బిందె సంగతే గుర్తులేదు, నీళ్ళు పొర్లి గడప దాకా వచ్చాయి. మీ అమ్మ చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది తల్లీ.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్ళం. రెండు గదుల అద్దె ఇల్లు, వెనక చిన్న దొడ్డి, దొడ్లో ఒక వేపచెట్టు, దాని కింద బట్టలుతికే బండ. తెల్లవారితే షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ మోటారుసైకిళ్ళు, కిటికీ ఊచలకు టిఫిన్ డబ్బాలు తగిలించుకుని కిక్కిరిసి పోయే బస్సులు, మల్లాపూర్ వైపు నుంచి రోజంతా ఇనుము కోసే చప్పుడు. సాయంత్రం గాలి తిరిగితే ఫ్యాక్టరీల వాసన, ఒకనాడు మాడిన బెల్లంలా, ఒకనాడు కుళ్ళిన కోడిగుడ్డులా. వాన పడితే మట్టి వాసన కంటే ముందు మోరీల మురుగు వాసన లేచేది. మీ తాత మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్. పేరు వింటే పెద్ద ఉద్యోగంలా ఉంటుంది. పని మాత్రం ఊళ్ళో ఎవరూ చూడకూడదనుకునేవన్నీ దగ్గరికి వెళ్ళి చూడటం.

ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్ళి ఊడ్చేవాళ్ళ హాజరు వేసుకునేవారు. తరువాత నాలాలోంచి తీసిన బురద ఎవరి గుమ్మం ముందు పడిందని కొట్లాట, ఎవరి సెప్టిక్ ట్యాంకు ఎవరి గోడలోకి ఊరుతోందని పంచాయతీ, లారీ కింద పడ్డ బర్రెను ఎత్తించడం, హోటళ్ళ వంటింట్లో మసాలా డబ్బాలు తెరిపిస్తే అందులోంచి పరుగెత్తే బొద్దింకలు, పందులు తోలమంటే కత్తి పట్టుకుని వచ్చే వాటి యజమానులు, ముసురు పట్టిన రోజుల్లో ఇంటింటికీ తిరిగి "వాంతులైతున్నయా, విరేచనాలైతున్నయా" అని అడగడం. ఆయన గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. రోజంతా ఎవరో ఒకరు ఆయన మీద గొంతెత్తుతూనే ఉండేవారు.

ఇంటికి ముందు గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. సందులోంచి నేరుగా దొడ్లోకి వచ్చి, బట్టలు విప్పి బండ మీద వేసి, నేను కాచి పెట్టిన వేపాకు నీళ్ళు పోసుకునేదాకా మీ అమ్మను తాకనిచ్చేవారు కాదు. మీ అమ్మేమో వెనక గడప మీద గొంతుక్కూర్చుని, ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఆయన ఆవేళ ఎక్కడ తిరిగొచ్చారో చెప్పేది. అదొక ఆట వాళ్ళిద్దరికీ.

"నాయినా, ఇయ్యాల కోళ్ళ దుకాండ్లు!"

"సగం మార్కులు."

"కోళ్ళు, ఇంక మోరి!"

"పాసైనవ్ పో. జర సబ్బు అందియ్యి."

మిగతా పిల్లలు అష్టాచమ్మా ఆడేవాళ్ళు, గచ్చకాయలు ఎగరేసేవాళ్ళు, దోమల పొగ మిషను వస్తే ఆ తెల్లటి పొగలో కేకలు పెడుతూ పరుగెత్తేవాళ్ళు. మీ అమ్మ కూడా పరుగెత్తేది గానీ, ఆ మిషను వెనక నడిచేది తన నాయనేనని వాళ్ళకు తెలిశాక "చెత్తసారు బిడ్డ" అని పేరు పెట్టారు. ఒకసారి ఒక హోటలాయన బిర్యానీ పొట్లం పంపిస్తే మీ తాత తెచ్చినవాడి చేతికే తిరిగిచ్చేశారు. ఆ వాసన మాత్రం ఇల్లంతా ఉండిపోయింది, మీ అమ్మ మర్నాడు కూడా ఆయనతో మాట్లాడలేదు.

మాకు నిజంగా చుట్టాల్లాంటివాళ్ళు ఒక్క ఇంటివాళ్ళే, రోడ్డుకు అవతల బస్తీలో అనసూయ, ఆమె అత్త పెంటమ్మ. అనసూయ భర్త దూరంగా లారీ మీద పనిచేసేవాడు, నెలకోసారి వస్తే గొప్ప. అనసూయ, నేను రేషన్ దుకాణం వరుసలో కలిశాం, ఇద్దరిదీ భువనగిరి వైపే కావడంతో మాట కలిసింది. పెంటమ్మ మీ అమ్మకు అవ్వ. బడి వదలగానే సంచి మా ఇంట్లో పడేసి అక్కడికి పరుగు. ముసలమ్మ చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఎండాకాలం ఉప్పేసి ఉడకబెట్టిన పల్లీలు, వానాకాలం బియ్యప్పిండితో గిన్నెకే తట్టి కాల్చిన సర్వపిండి, దాని అడుగున మాడిన పెచ్చు కోసం మీ అమ్మ గోరుతో గీకేది. మధ్యాహ్నాలు పాత చీరలతో కుట్టిన బొంత మీద ఇద్దరూ పడుకునేవాళ్ళు. "నా బంగారు, నా తల్లి, మీ నాయిన ఊరంత కడుగుతడు, నువ్వు నీ ముక్కు కడుక్కోరాదే" అని పెంటమ్మ కొంగుతో మూతి తుడిచేది. బోనాలకు మేం మా ఊరికి వెళ్ళలేకపోయేవాళ్ళం, ఆషాఢమంతా మీ తాతకు సెలవు దొరికేది కాదు కాబట్టి. ఆ బస్తీ గుడికే నేనూ బోనం ఎత్తుకునేదాన్ని, అనసూయ వెనకాల.

ఆ ఏడు ఆషాఢం మొదట్లో వానలు గట్టిగా పడ్డాయి. బస్తీలో ఒక ఇంట్లో వాంతులు మొదలై, పక్కింటికి పాకి, ఆ వరుసంతా పడకేసింది. మీ తాత ఇంటింటికీ తిరిగారు. నీళ్ళు ఎక్కడివి తాగుతున్నారంటే అందరిదీ ఒకటే మాట, గుడి పక్క బోరింగు. చేత్తో కొట్టే ఆ బోరింగు నీళ్ళు అద్దంలా ఉండేవి, ఎండల్లో కూడా చల్లగా తగిలేవి. ఆయన సీసాలో పట్టి పరీక్షకు పంపితే మోరీ నీళ్ళు కలిశాయని తేలింది. వెంటనే బోరింగు మెడ మీద ఎర్ర రంగుతో పెద్ద గుర్తు వేయించారు, తాగొద్దని. నల్లాలో మందు ఎక్కువ కలిపించారు, ట్యాంకరు తెప్పించారు. బోరింగు పీకించమని పైవాళ్ళకు రాశారు. పండగ దాటనియ్యండి, గుడి పక్కది, గొడవవుతుందన్నారు వాళ్ళు.

పెంటమ్మకు మీ తాతంటే ప్రేమే. అందుకే ఆయన్ను మాటలనేది కూడా.

"ఓ సారూ, నీ నల్లా నీళ్ళు దవాఖానా కంపు గొడ్తున్నయ్. గా నీళ్ళతోని అమ్మకు బోనమెట్ల వండాలె?"

"కంపు గొడ్తేనే మంచియి అవ్వా. ఈ బోరింగుల మోరి కలిసింది. కండ్లకు కనవడదు, వాసన రాదు, గంతే."

"నా పెండ్లి నాటి సంది గివే తాగుతున్న. నాకేమైంది? రాయి లెక్క లేనా?"

"ఉన్నవ్. గట్లనే ఉండాలంటున్న."

"మా అత్తకు జెప్పుడు, గోడకు జెప్పుడు ఒక్కటే సారూ," అని అనసూయ నవ్వింది. మీ తాత కూడా నవ్వారు.

బోనాల ఆదివారం పొద్దున నేను బియ్యం, పాలు, బెల్లం వేసి బోనం వండుకుని, కుండకు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టుకుని బయల్దేరాను. మీ అమ్మ ఆకుపచ్చ పట్టు లంగా వేసుకుని, నా సాక చెంబు పట్టుకుని ముందు నడిచింది. సాకంటే పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్ళు. అమ్మవారి ముందు కొంచెం ధార పోసి, మిగిలింది తీర్థంలా ఇంటిల్లిపాదీ తాగడం ఆ బస్తీ ఆనవాయితీ. మా ఇంట్లో మీ తాత ఆజ్ఞ కాబట్టి నాది కాచి చల్లార్చిన నీళ్ళే. బస్తీలోకి అడుగుపెట్టేసరికి డప్పులు, ఊదు పొగ, గుగ్గిలం, ఎక్కడో మేక అరుపు, నూనెలో వేగుతున్న గారెల వాసన. పండగ కదా, ఆడవాళ్ళు గడపలకు, రోళ్ళకు, గుడి మెట్లకు అన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టారు. గంగమ్మ తల్లి కదా అని బోరింగును కూడా కడిగి, మెడ నుంచి కింది దాకా మందంగా పసుపు పట్టించి, కుంకుమ అద్ది, వేపకొమ్మ కట్టారు. ఎర్ర గుర్తు ఎక్కడుందో కూడా కనబడలేదు. మందు వాసన లేని నీళ్ళు కావాలని బస్తీ అంతా ఆ పొద్దున అక్కడే సాక పట్టుకుంది. అది నాకు తర్వాత తెలిసింది.

మేం గుడి ముందు వరుస కట్టి నిలబడ్డాం. బస్తీ చూడ్డానికి వచ్చిన మీ తాత బోరింగు దగ్గర ఆగిపోయారు. చేత్తో ఆ పసుపును తుడిచి, కింద ఎరుపు చూసి, మా దగ్గరికి వచ్చారు.

"అనసూయా, ఏడియి ఈ నీళ్ళు?"

"బోరింగుయి సారూ. అమ్మవారికి కదా."

"అమ్మకు పోయండ్రి, నేనొద్దంటలేను. నోట్లె మాత్రం పోసుకోవద్దు."

"తీర్థం తీసుకోకుంటె గదేం బోనం?" అని వెనక నుంచి ఒకావిడ. "సారుకు పండుగ నాడు గూడ డ్యూటీనే!" అని డప్పుల దగ్గర మగవాళ్ళు నవ్వారు. అంతలో వరుసలో ఒక తల్లి తన చంకలో పిల్ల ఏడుస్తోందని చేతిలో సాక చెంబు దాని నోటికి పెట్టబోయింది. మీ తాత ఆ చెంబు లాక్కున్నారు. లాక్కుని, వెనక్కి తిరిగి, మీ అమ్మ చేతిలోంచి నా చెంబు తీసుకుని ముందు దాన్ని నేల మీద పారబోశారు. నావి మంచి నీళ్ళని ఆయనకు తెలుసు. ఆ తర్వాత అనసూయది, తరువాత ఒక్కొక్కరిదీ. డప్పులు ఆగిపోయాయి. "నీ చేతులు పడిపోను! అమ్మ నోటి కాడిది గుంజుకుంటివి గదరా!" అని ఆడవాళ్ళు మట్టి తీసి ఆయన మీద చల్లారు. మీ అమ్మ సిగ్గుతో ముడుచుకుపోయి, ఆయన చొక్కా పట్టుకుని "నాయినా, ఇంటికి పో నాయినా" అని ఏడ్చింది. పెంటమ్మ మాత్రం తిట్టలేదు. కింద పడ్డ ఖాళీ చెంబు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఎంత పని జేస్తివి బిడ్డా" అంది. ఆమె ఉపవాసంతో ఉండి, తెల్లవారుతూనే బోరింగు దగ్గర మొదటి చెంబు నీళ్ళు తీర్థమని తాగేసిందని అప్పటికి ఎవరికీ తెలియదు.

సాయంత్రం అనసూయ పరుగెత్తుకొచ్చింది. "సారూ, మా అత్త లేస్తలేదు. అంత నీళ్ళ లెక్కనే పోతున్నది." మీ తాత అప్పుడే స్నానం చేసి లుంగీ కట్టుకున్నారు, అలాగే వెళ్ళారు. గుమ్మం దగ్గర గుమిగూడినవాళ్ళు ముక్కు మూసుకుని నిలబడితే, తడిసి ముద్దైన ఆమెను ఆయనే రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నారు. అనసూయ డ్రైవరు పక్కన కూర్చుంది. పెద్ద దవాఖానాలో సెలైన్లు ఎక్కించారు. తెల్లవారేలోపు పోయింది. మిగిలినవాళ్ళంతా బతికారు, ఆ చంటిపిల్ల కూడా. కానీ బస్తీలో చెప్పుకున్నది అది కాదు. సాక పారబోసినందుకు అమ్మవారికి కోపమొచ్చి పెద్దదిక్కును పట్టుకుపోయిందన్నారు. దహనమయ్యాక మర్నాడు మీ తాతే డ్యూటీ బట్టలేసుకుని ఆ ఇంటికే వెళ్ళి, సున్నం, బ్లీచింగు చల్లించి, ఆమె పడుకున్న బొంతను బయటికి తీయించి కాల్పించవలసి వచ్చింది. అనసూయే తెచ్చి ఇచ్చిందట. ఆ సాయంత్రం వెనక గడప మీద మీ అమ్మ ముక్కెత్తి వాసన చూడలేదు. "అవ్వ బొంత ఎందుకు కాలవెట్టినవ్?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆట అంతటితో ఆగిపోయింది.

అనసూయ మళ్ళీ మా గడప తొక్కలేదు. ఒక్కసారి మాత్రం రేషన్ వరుసలో పక్కన నిలబడాల్సి వస్తే, నా మొహం చూడకుండా, "ఆటోల మా అత్త సారుతోని మాట్లాడుతనే ఉండె. ఆ సప్పుడుకు నాకేం వినరాలే. ఏమన్నదో అడుగు," అంది. అడిగాను. ఆ రాత్రే కాదు, ప్రతి ఆషాఢంలోనూ అడిగాను. "ముసలామె, ఏదో అన్నది," అని తువ్వాలు తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేవారు. రాష్ట్రం వచ్చిన రోజు రోడ్డంతా గులాలు చల్లుకుంటుంటే ఆ గుంపులో అనసూయ కనబడింది. ఆయన ఆగారు. ఆమె తల వంచుకుని పక్కకు జరిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడా బస్తీ లేదమ్మా, అక్కడ అపార్ట్‌మెంట్లు, కింద మందుల దుకాణం. బోరింగు ఉన్న చోట ఎవరివో కార్లు నిలబడుతున్నాయి. మా వేపచెట్టు, ఉతికే బండ లేవు, పొగ వెంట పరుగెత్తే పిల్లలూ లేరు. బోనాలకు సాక నీళ్ళు కూడా క్యాన్లలోంచే పోస్తున్నారు, ఎవరికీ ఏమీ కావడం లేదు, సంతోషమే. అనసూయ ఏ ఊరెళ్ళిందో తెలియదు. మీ తాత పోయి కూడా చాలాకాలమైంది. పోయేముందు ఆస్పత్రిలో, ఇంక దాచుకునేదేముందిలే అని, చేయి పట్టుకుని మళ్ళీ అడిగాను. కళ్ళు తెరిచి నన్నే చూశారు గానీ మాట రాలేదు.

ఏమయ్యా, దారి పొడుగునా నీ ఒళ్ళో పండుకొని, పెంటమ్మ నీతోని ఏమన్నది?