స్క్రీన్ మీద ఉండిపోయిన మాస్టారు

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా కాలం చేస్తే బంధువుల తరవాత ముందుగా తెలిసేది మాకే. మాకు అంటే ఏలూరులో నేను పనిచేసిన డీటీపీ షాపుకి. డిగ్రీ అయ్యాక తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ కోర్సు చేసి, రోజూ పాసింజరు బండిలో ఏలూరు వచ్చి పెళ్లి కార్డులూ, దినం కార్డులూ, క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక కార్డులూ తయారు చేసేదాన్ని. ముసలి ముఖాల మీద ముడతలు తీసెయ్యడంలో నాకు పెద్ద పేరుండేది (ఆ పేరు నాకు నేనే ఇచ్చుకున్నాను). పోయినవాళ్ల ఫొటో ఎంత పాతదైనా తల వరకు కత్తిరించి, మా కంప్యూటర్లో ఉన్న నీలం కోటు తొడిగి, వెనకాల ఆకాశం పెట్టేదాన్ని. బతికినన్నాళ్లూ చొక్కాకి పైగుండీ కూడా పెట్టుకోని పెద్దవాళ్లు ఎందరో ఆ ఒక్క కోటులోనే సాగిపోయారు.

అప్పుడే మా ఓనరుగారు కొత్తగా ఎల్‌సీడీ మానిటర్ కొన్నారు. పాత డబ్బా మానిటర్‌ని మూలనున్న రెండో కంప్యూటర్‌కి తగిలించి, కొత్తదానికి బొట్టుపెట్టి, పైన ఒక బంతిపువ్వు పెట్టారు. ఆయనకి కంప్యూటర్ వాడడం రాదు. మౌస్ ముట్టుకుంటే ఏదో చెరిగిపోతుందని భయం.

ఒక శనివారం కొల్లేరు లంక గ్రామం నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ల నాన్నగారు బడి మాస్టారుగా చేసి రిటైరై, ఈ మధ్యే పోయారట. ఉన్న ఒక్క ఫొటో బడి పిల్లలతో తీయించుకున్నది. అందులోంచి ఆయన ముఖం తీసి, శుభ్రం చేసి, కోటు తొడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మని తీసుకొచ్చి చూపిస్తానంది. ఆదివారం నాకు సెలవు. అందుకని ఓనరుగారు నాచేత ఆ బొమ్మని స్క్రీన్ నిండా పెట్టించి, మధ్యలో ఆరిపోకుండా స్క్రీన్ సేవర్ కూడా తీయించేశారు. తీరా ఆదివారం కుంభవృష్టి. వాళ్లు రాలేదు. ఓనరుగారు సాయంత్రం దాకా చూసి, ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక, మాస్టారిని అలాగే వదిలేసి షట్టర్ దించుకున్నారు.

సోమవారం నేను వచ్చేసరికి ద్వారకా తిరుమలలో కొబ్బరికాయల కొట్టున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. కూతురి పెళ్లి కార్డు చూసుకోడానికి వచ్చారు. మాస్టారి బొమ్మ మూసి పెళ్లి కార్డు తెరిచాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగారు.

"ఏమ్మా, మా అమ్మాయి పేరు వెనకాల ఎవరో ఉన్నట్టున్నారు."

నిజమే. పలచగా, పొగలాగా, కోటూ ఆకాశమూ ఒకటైపోయి, మాస్టారు ఉన్నారు.

"నీడండీ," అన్నారు ఓనరుగారు. "ట్యూబ్‌లైట్ నీడ."

"ట్యూబ్‌లైట్‌కి కళ్లజోడుంటుందాండీ?"

ఎవరో, ఏమిటో చెప్పక తప్పలేదు. ఆయన ముఖం మాడిపోయింది. "శుభమా అని వస్తే ఇదేంటండీ. ఇంకో చోట వేయించుకుంటాం లెండి," అని లేచారు. ఓనరుగారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంటే, నేను గూడెంలో కోర్సు చెప్పిన సార్‌కి ఫోన్ చేశాను. ఒకే బొమ్మ చాలాసేపు కదలకుండా ఉంటే దాని జాడ కొంతసేపు ఉండిపోతుందనీ, స్క్రీన్ అంతా తెల్లగా పెట్టి వదిలేస్తే అదే పోతుందనీ సార్ చెప్పారు.

"ఒక్క కాఫీ తాగండి. ఈలోపు ఆయన వెళ్లిపోతారు," అని ఓనరుగారు పెళ్లివారిని బతిమాలారు. నేను తెల్ల స్క్రీన్ పెట్టాను. తెలుపు మీద మాస్టారు మరింత బాగా కనపడ్డారు.

సరిగ్గా అప్పుడే తల్లీకూతుళ్లు మెట్లెక్కారు. శనివారం తీసి ఉంచిన ప్రింటు తల్లి చేతికిచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఎవరే ఈ కోటాయన?"

"నాన్నేనమ్మా."

"మీ నాన్న కోటెప్పుడేసుకున్నారే," అంటూ తలెత్తి, మానిటర్ వైపు చూసి ఆగిపోయింది. పైట తల మీదికి లాక్కుంది. "ఇదిగో, ఇక్కడున్నారు కదా."

ఆవిడ మెల్లగా చెప్పింది. "చలికాలం దోనెలో బడికెళ్లేవారండి. దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. మంచులోకి వెళ్తుంటే ఇలాగే కనపడేవారు. పూర్తిగా కనపడకుండా పోయేదాకా గట్టు మీద నుంచునేదాన్ని."

కొబ్బరికాయల కొట్టాయన లేచి, "కూర్చోండమ్మా," అని తన కుర్చీ ఆవిడ ముందుకి జరిపారు.

"కార్డు మీద ఇదే వేయమ్మా," అంది ఆవిడ.

స్క్రీన్‌ని కాపీ చేసే మీట నొక్కాను. ఒట్టి తెలుపే వచ్చింది. మాస్టారు కంప్యూటర్లో లేరు, ఆ అద్దంలోనే ఉన్నారు. ఓనరుగారు కెమెరా తెచ్చి ఫొటో తీస్తే ట్యూబ్‌లైటూ, తన బట్టతలా మాత్రమే పడ్డాయి. ఇక మిగిలింది నా చెయ్యి. మూలనున్న పాత మానిటర్ మీద మాస్టారి ఫొటో తెరిచి, కొత్తదాన్ని చూస్తూ ఇక్కడ రంగు తగ్గించడం మొదలుపెట్టాను. అక్కడ ఆయన నిమిషనిమిషానికీ పలచబడుతున్నారు. పోగొట్టడానికి నేనే పెట్టిన తెలుపు అది. దాన్ని తీసేస్తే ఆవిడకి ఆయన కనపడరు, ఉంచితే కరిగిపోతారు.

"కళ్లజోడు అంత నల్లగా వద్దమ్మా," అనేది ఆవిడ.

"భుజం దగ్గర ఇంకా తగ్గాలండి. దుప్పటిలా లేదు," అనేవారు కొబ్బరికాయలాయన. ఆయన కాఫీ చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి కార్డు మీద మాస్టారు కుదిరారు. అటు కొత్త స్క్రీన్ మీద ఏమీ మిగల్లేదు. ఆవిడ మాత్రం ఆ తెలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఓనరుగారు పెళ్లి కార్డు తెరవమని నాకు సైగ చేస్తే, కొబ్బరికాయలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. "ఉండనివ్వండి కాసేపు. మాది రేపు చూసుకుందాం."

కూడిక అయిన తరవాత ఒక సాయంత్రం నేను బండిలో ఇంటికెళుతుంటే, భీమడోలులో ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. ఒకాయన జేబులోంచి ఆ కార్డు తీశారు.

"చూశారండీ, ఇంకు అయిపోయినట్టుంది. మాస్టారు సరిగ్గా పడనేలేదు."

"పాపం, అంత మంచాయనకి. ఎక్కడ వేయించారో ఏంటో."

పనితనం గురించి అంత గొప్పగా అనుకునే నేను, ఆ కార్డు నాదేనని ఒప్పుకోడానికి నోరు రాక, కిటికీ వైపు తిరిగి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడైతే వాళ్ల పక్కకి జరిగి, "అది నేనే వేశానండీ," అని మొదలుపెట్టి గూడెం వచ్చేదాకా వదిలేదాన్ని కాదు.