దాచుకున్న సంతకం

నాకు మూడో తరగతి దాకా చదువు వచ్చు. హనుమకొండలో మేమున్న వాడలో మాత్రం ఆ సంగతి పక్కింటి వదినెకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన పోయాక నాకు వితంతు పింఛను రాయించింది ఆమే. ఆఫీసు మెట్లెక్కే ముందు నా చెవిలో చెప్పింది: "సంతకమొచ్చినోళ్లకు పించిని ఇయ్యరే. ఏలిముద్రనే వెయ్యి. చదువొచ్చునా అనడిగితే తలకాయ అడ్డంగ ఊపు."

ఊపాను. చంకలో పది నెలల పిల్ల, కొంగు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని పెద్దది కడుపులో పడ్డప్పుడే మానేశాను. ఆ పింఛను పోతే పొయ్యి వెలగదు.

ఎనభైల మొదట్లో ఒక మేడం మా వాడకు వచ్చింది. పింఛను తీసుకునే తల్లులకు మా ఊళ్లోనే సుబేదారిలో కుట్టుపని నేర్పుతారట. పిల్లలను చూసుకోవడానికి ఆయమ్మ ఉంటుందట.

"ఇష్టముంటేనే రండి. రాకున్నా ఎవరేమనరు. వచ్చినా పించిని ఆగది" అన్నది.

"గిట్లనే అంటరు, మెల్లగ పేరు కొట్టేస్తరు" అన్నది వదినె.

అయినా పోయాను. మధ్యాహ్నం పిల్లలకు ఉప్మా పెడతారని విన్నాను. నిజం చెప్పాలంటే మొదట పోయింది అందుకే.

పదకొండు మందిమి. హాజరు పుస్తకంలో అన్నీ వేలిముద్రలే. కొలతలు రాసుకోమంటే రాదన్నాం. పాపం, మేడమే ఉపాయం చెప్పింది. టేపుకు దారం ఆనించి, కొలత ఎక్కడికి వస్తే అక్కడ ముడి వేసుకోవాలి. నల్లబల్ల మీద అంకెలు నాకు శుభ్రంగా కనబడుతూనే ఉండేవి, నేను తలవంచుకుని ముళ్లు వేసేదాన్ని.

ఒకరోజు మేడం కొత్త తాను విప్పి లంగాకు బట్ట కోయడం చూపిస్తున్నది. పొడుగు ముప్ఫై రెండు అని బల్ల మీద ఆమే రాసింది. టేపు కొస నా చేతిలో ఉంది. ఎవరితోనో మాట్లాడుతూ ఇరవై మూడు దగ్గర గీత గీసి కత్తెర పెట్టింది. అంత మంచి బట్ట నా కళ్ల ముందే పాడవుతుంటే నోరు ఆగలేదు.

"ఆగుండ్రి మేడం, బట్ట ఖరాబైతది! బల్ల మీద ముప్ఫై రెండున్నది, మీరు ఇరవై మూడు కాడ కోస్తున్నరు!"

కత్తెర ఆగింది. "నీకు చదువొచ్చునా?"

టేపు వదిలేసి రెండు చేతులూ జోడించాను. "మూడో తరగతి, మేడం. పించిని తియ్యకుండ్రి, పిల్లలు ఆగమైతరు."

"చదువుకు, పించినికి ఏం సంబంధం?" అని ఆమె నన్ను వెంటబెట్టుకుని పక్కనే ఉన్న పింఛను ఆఫీసులో గుమాస్తా దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తనన్నా లేదు.

"అసొంటి రూలే లేదు. ఎవలు చెప్పిండ్రమ్మా నీకు?"

"కుట్టు నేర్సుకుంటే పోతదా, సారూ?"

"పోదు. రేపు మంచిగ సంపాయిస్తే అప్పుడు నువ్వే వచ్చి చెప్పు. జర ఫికర్ తక్కువ చేసుకో."

"మరి చదువు దాచి ఏలిముద్ర వేసిన గద?"

"ఆ ఏలు నీదేనా?"

"నాదే సారూ."

"మరింకేంది!"

తిరిగి వచ్చి ఆ మాటలన్నీ పూస గుచ్చినట్టు గదిలో చెప్పాను. అప్పుడు నర్సంపేట నుంచి వచ్చిన ఆమె, అందరికంటే గట్టిగా "అంకెలంటే నాకు కండ్లు తిరుగుతయి" అనే ఆమె, మెల్లగా లేచింది.

"మేడం, నాక్కూడ ఐదో తరగతి దాక వచ్చు."

వెనక నుంచి ఇంకొకరు రెండో తరగతి అన్నారు. ఇంకొకరు ఊరికే చెయ్యెత్తారు.

మేడం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్ని దినాలు నాతోని ముళ్లు చెప్పిచ్చుకున్నరు గదనే, దొంగల్లార!"

అందరం నవ్వాం. ఆయన పోయాక నేను అట్లా నవ్వింది అదే మొదలు. సాయంత్రం హాజరు పుస్తకం నా ముందుకు వచ్చినప్పుడు కలం అడిగి తీసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత నా పేరు రాస్తుంటే అక్షరాలు వంకరపోయాయి. నా వెనక నిలబడ్డవాళ్లు ఒక్కరూ తొందర పెట్టలేదు.