మైలవరం బయోడేటా మీద ఎర్రముద్ర

నాకొచ్చిన మంచి సంబంధాన్ని నా చేతులారా, అదీ ఎర్రక్షరాలతో, తగలెయ్యబోయిన వైనం చెబుతాను వినండి. నవ్వొస్తే ఆపుకోకండి. మా అమ్మ తప్ప అందరూ ఇప్పటికే నవ్వేశారు.

అప్పట్లో నేను విజయవాడలో ఇంట్లోనే కూర్చుని శుభలేఖలూ ఫ్లెక్సీలూ డిజైన్ చేసేవాణ్ణి. వచ్చేవన్నీ అర్జెంటు పనులే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు చూడండి, నా విషయంలో ఫైలు అందేదాకా "డిజైనర్ గారూ", అందాక "ఎవరండీ మాట్లాడేది?" ఉయ్యూరులో ఓణీల ఫంక్షన్ చేసినాయన అయితే, డబ్బులడిగితే రెండు బెల్లం అచ్చులు పంపించాడు. ఒళ్లు మండి శపథం పట్టాను. అర్జెంటైతే డబుల్ రేటు. డబ్బు పడేదాకా, పంపే ప్రతి డిజైన్ మీదా ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగా "డబ్బు చెల్లించలేదు" అన్న ముద్ర.

సరిగ్గా ఆ వారమే మైలవరం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"బాబూ, మా అమ్మాయి పెళ్లి బయోడేటా చేసిపెట్టాలి. అబ్బాయి వాళ్లు అడుగుతున్నారు. గంటలో కావాలండీ."

"పన్నెండు వందలండీ. ముందే పంపాలి."

"అదెంతసేపు బాబూ! ముందు మీరు పని కానివ్వండి."

వివరాలూ ఫొటో వచ్చాయి. పేరు సునీత. జాకెట్లు కుడుతుందట, మగ్గం వర్క్ కూడా చేస్తుందట. 'ఎవడికి రాసిపెట్టి ఉందో' అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ చక్కటి మొహం మీదుగా నా ముద్ర కొట్టి పంపాను. "డబ్బు వేస్తే శుభ్రమైనది పంపిస్తాను" అని రాశాను కూడా. డబ్బూ లేదు, జవాబూ లేదు.

అరగంట తర్వాత అమ్మ వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"ఒరేయ్, నీకు మైలవరం సంబంధం చూశానని చెప్పానే, అమ్మాయి బయోడేటా పంపారు. పిల్ల బాగుంది గానీ, మొహం మీద 'డబ్బు చెల్లించలేదు' అని రాసుందేంట్రా?"

ఆ సంబంధం సంగతి మూడు రోజులుగా చెబుతూనే ఉందట. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడు రోజులుగా తలూపుతూనే ఉన్నానట. నా బయోడేటాలో అమ్మ "సొంత కంపెనీ" అని రాసింది గనక పెద్దాయనకూ అనుమానం రాలేదు. కంపెనీ అంటే నేనూ, నా ల్యాప్‌టాప్. పైగా ఆయన కళ్లజోడు లేకుండా చూసి, ఆ ఎర్రముద్ర కూడా డిజైనే అనుకుని ఉన్నదున్నట్టు పంపేశారు.

"వీళ్లకేవో అప్పులున్నట్టున్నాయి. వద్దని చెప్పేస్తాను," అంది అమ్మ.

"వద్దమ్మా! ఆ ముద్ర కొట్టింది నేనే!"

"కాబోయే పెళ్లాం మొహం మీదా?"

"క్లయింట్ అనుకున్నానే!"

ఆదివారం పెళ్లిచూపులకి వెళ్లాం. నోరు తెరవనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. కానీ పెద్దాయన "కంపెనీ ఎలా ఉంది బాబూ?" అంటే "బాగుందండీ" అనక తప్పలేదు.

"ఈ గొంతు ఎక్కడో విన్నానే..." అంటూ ఆయన ఆగారు. "పన్నెండు వందలు!"

అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు మాట్లాడింది సునీతే.

"ముందు ఆయన డబ్బులు ఇచ్చేయండి నాన్నా. అర్జెంటు జాకెట్లు కుట్టిచ్చి నేను ఎన్ని గుమ్మాల చుట్టూ తిరుగుతున్నానో మీరు చూట్టంలా?"

ఆ మాటతో నేను పడిపోయాను. ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే బ్రహ్మచారిగా ఉండిపోవాలి. అక్కడితో బుద్ధిగా కూర్చుంటే ఎంత బాగుండేది! పెద్దాయన సిగ్గుపడుతూ తాంబూలం పళ్లెంలో నోట్లు పెట్టి అందించారు. మర్యాద తెలిసినవాడైతే "అబ్బే, వద్దండీ" అంటాడు కదా? నేను తీసుకుని, అలవాటు కొద్దీ వేలు తడిచేసుకుని లెక్కపెట్టాను.

"రూపాయి కూడా కట్నం వద్దని వీళ్లకి గొప్పగా చెప్పాను కదరా!" అని అమ్మ తల పట్టుకుంది.

సునీత పగలబడి నవ్వింది. వాళ్ల మేనత్త ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది. పెళ్లయి ఆరేళ్లయినా, మైలవరంలో నేను పెళ్లిచూపుల్లోనే పన్నెండు వందల కట్నం ఎంచి తీసుకున్న అల్లుణ్ణే.

అందుకని కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అర్జెంటు పని ఎవరు తెచ్చినా, వాళ్లింట్లో పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉందేమో కనుక్కున్నాకే డబ్బు సంగతి ఎత్తుతాను. ప్రమాణంలో అమ్మాయి సంగతి కనుక్కునే సగానికి మాత్రం సునీత ఒప్పుకోవడం లేదు.