ఉద్యోగానికి ఒక మంచి ఫోటో

ఉద్యోగాల సైటులో నా స్నేహితురాలి ఫోటో చూసినవాళ్లంతా బాగుందంటారు. బాగుండక ఏం చేస్తుంది? తీసింది నేను. ఉదయగిరిలో వాళ్ల మిద్దె మీద, లేత నీలం రంగు కొట్టిన గోడ ముందు నిలబెట్టి, నా ఫోనుతో తీశాను. నేను వెటకారంగా ఏదో అంటే తను నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు సైటులో పెట్టుకున్న ఆరు నెలలకు హైదరాబాదు కంపెనీ ఒకటి పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం. మా రెండిళ్లకూ మధ్య ఒక్క వీధే అడ్డం.

ఊరు వదిలిపోయినా బాగుండేది. కనపడకుండా ఎక్కడో ఉంటే ఓర్చుకునేదాన్ని. పొద్దున్నే నేను ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి ఉరుకులు పరుగుల మీద పోతుంటే, తను మిద్దె మీద నిలబడి చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఇంగ్లీషులో మాట్లాడుతూ నాకు చెయ్యి ఊపేది. నేనూ ఊపేదాన్ని. కడుపు మండిపోయేది.

ఆత్మకూరులో డిగ్రీ మూడేళ్లూ ఒకే బస్సులో తిరిగాం. మార్కులు ప్రతిసారీ నాకే ఎక్కువ. పరీక్ష రోజు బస్సులో తనకు పాఠం చెప్పింది నేను. కాబట్టి ఆ ఉద్యోగం మార్కుల వల్ల రాలేదు, ఫోటో వల్లే వచ్చిందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అలా అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఫోటో తీసింది నేను కాబట్టి ఆ ఉద్యోగం నేను పెట్టిన భిక్షే.

రోజూ తన ప్రొఫైల్ తెరిచి చూసేదాన్ని. ఎవరేం రాశారు, ఎంతమంది మెచ్చుకున్నారు, కొత్తగా ఏం చేర్చింది అని వెతికేదాన్ని. ఒకరోజు వీధిలో ఎదురై, "రోజూ నా ప్రొఫైల్ చూస్తా ఉండావంట కదా మే, సైటోళ్లు చెప్పినారు" అంది నవ్వుతూ. చూసినవాళ్ల పేర్లు ఆ సైటు బయటపెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. కంప్యూటరు టీచర్ని. పిల్లలకు చెప్పాలని చూస్తున్నానన్నాను.

నా ప్రొఫైల్లో ఉన్నది మాత్రం హాల్‌టికెట్ ఫోటో. అందులో నేను దొంగతనం చేసి దొరికిపోయినదాన్లా ఉంటాను. "అది మార్చు మే, చూసినోళ్లు భయపడతారు. రా, నేను తీస్తా" అని తను చాలాసార్లు చెప్పింది. వద్దన్నాను. తన చేత తీయించుకుంటే, రేపు నాకు వచ్చే ఉద్యోగం తన భిక్ష అవుతుంది కదా.

ఒక ఆదివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆత్మకూరు బస్సెక్కాను. బస్టాండు దగ్గర స్టూడియోకు పోయి "మంచి ఫోటో కావాలన్నా" అన్నాను. మా వైపు పెళ్లికాని ఆడపిల్ల వచ్చి మంచి ఫోటో అడిగితే దానికి ఒకటే అర్థం. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన నన్ను కిందా మీదా చూసి, "చీర తెచ్చుకోలేదా పాపా? నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి తీస్తా. మగపిల్లోడి తరపోళ్లు నిలబడిందే అడుగుతారు" అన్నాడు.

"పెళ్లికి కాదన్నా, ఉద్యోగానికి."

"ముందే చెప్పకూడదా! అయితే కోటు ఏస్తా."

కోటు కోసం చుట్టూ చూశాను. అది కంప్యూటర్లో ఉంది. నా చుడీదారు మీద నల్లకోటు అతికించాడు. అడగకుండానే ముఖం తెల్లగా చేశాడు. వద్దని ఎందుకు అనలేదంటే, తెరమీద ఆ తెల్లపిల్ల నా స్నేహితురాలి కంటే బాగుంది. అంతకు మించి కారణం లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మకు చూపించాను. "ఎవురు పాపా ఈ పిల్ల, నీ మాదిరే ఉండాదే?" అంది. అయినా పెట్టేశాను. పది నిమిషాలకే స్నేహితురాలి మెసేజీ వచ్చింది. "ఏంది మే ఆ కోటు? కోర్టులో వాదించేదానికి పోతా ఉండావా?" పక్కన నవ్వు బొమ్మలు నాలుగు. నాకు ఒళ్లు మండి ఫోను పక్కన పడేశాను. తనే ఫోన్ చేసింది. ఈసారి నవ్వడం లేదు.

"మా టీములో ఒక పోస్టు ఖాళీ ఉండాది. నీ పేరు చెప్పినాను. రేపటికల్లా నీ ప్రొఫైల్ పంపమన్నారు. ఆ కోటు బొమ్మ చూస్తే నిన్ను పిలవరు. సాయంత్రం మిద్దె మీదికి రా, తీస్తా."

ఆ ఉద్యోగం నాకు కావాలి. తన చేతుల మీదుగా వచ్చినా సరే అనేంతగా కావాలి. తల దువ్వుకుని పోయాను.

తన చేతిలో మొదటి జీతంతో కొన్న కొత్త ఫోను. ఎండలో ముఖం బాగా రాదని, సూర్యుడు కొండ వెనక్కి పోయేదాకా ఆగమంది. ఆ తర్వాత భుజం పక్కకు తిప్పమని, గడ్డం దించమని, కెమెరా వైపే చూడమని ఒకటే చెప్పడం. చెప్పినట్టల్లా చేశాను. నేను పాఠం చెప్పిన పిల్ల ఇప్పుడు నాకు నిలబడడం నేర్పుతోంది. "నవ్వు మే" అంటే పళ్లు బయటపెట్టాను. నలభై దాకా తీసింది. మధ్యలో వాళ్లమ్మ టీ గ్లాసులు పట్టుకుని పైకొచ్చి, "ఆ పిల్లను ఎంతసేపు నిలబెడతావే? కాళ్లు పీకవా?" అని కేకలేసింది.

పిట్టగోడ మీద కూర్చుని ఇద్దరం ఒక్కొక్కటే చూశాం. వెలుతురు కుదిరింది. గోడ కుదిరింది. జుట్టు కూడా కుదిరింది. మొదటి నాలుగైదు ఫోటోలకు తను "అబ్బా, ఏం సీరియస్సు" అని నవ్వింది. పదో దాని దగ్గర నవ్వు ఆగింది. ఆ తర్వాత వేలు మెల్లగా కదిలింది. పెదవులు నవ్వుతున్నాయి గానీ, నా కళ్లు ఫోను వెనక నిలబడిన మనిషిని కాల్చేస్తున్నాయి. కెమెరా వైపు చూసిన అన్నింట్లోనూ అంతే. ఆ చూపు నా లోపలే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. ముఖం మీద ఇంత బాగా కనిపిస్తుందని తెలియదు.

"ఏంది మే, నేనేమన్నా చేసినానా నిన్ను?" అని అడిగింది.

"ఎండ కళ్లల్లో పడిందిలే" అన్నాను.

ఎండ పోయేదాకా ఆగమన్నది తనే. అయినా తను ఆ మాట ఎత్తలేదు. ఫోటోలు మళ్లీ మొదటి నుంచి జరుపుకుంటూ పోయి ఒకదాని దగ్గర ఆగింది. వాళ్లమ్మ టీ తెచ్చినప్పటిది. అందులో నేను తల తిప్పి ఆమెను చూసి నవ్వుతున్నాను. కళ్లు కూడా నవ్వుతున్నాయి.

"కెమెరా వైపు చూడాలన్నావు కదా" అన్నాను.

"ఇదే బాగుండాది" అంది. నా వైపు చూడకుండానే నా ఫోనుకు పంపింది.

అదే పెట్టాను. వాళ్లు పిలిచారు, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఇద్దరం ఒకే టీము. అసూయ తగ్గిందా అంటే, లేదు. మొన్న తనను టీమ్ లీడరును చేసినప్పుడు అందరికంటే ముందు అభినందనలు రాసింది నేనే. ఆ పూట అన్నం సహించలేదు. వీడియో మీటింగులో తను మాట్లాడడం మొదలుపెట్టగానే నేను కెమెరా ఆపేస్తాను. నెట్ సరిగా లేదంటాను. తను ఎప్పుడూ ఎందుకని అడగదు. ఆ రోజు తీసిన మిగతా ఫోటోలన్నీ తన ఫోన్లోనే ఉన్నాయి. తీసెయ్యమని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే, వాటిలో ఏముందో నాకు తెలుసని ఒప్పుకున్నట్టు అవుతుంది.